సగంలో లేచి వచ్చిన బొమ్మ

అప్పటిదాకా నేను సినిమాల్లో చూసిన జబ్బు ఒకటే రకం. కథానాయిక తెల్ల దుప్పటి కప్పుకుని పడుకుంటుంది, రెండుసార్లు దగ్గుతుంది, జుట్టు మాత్రం చెదరదు. అందుకే ప్రభుత్వ ప్రచార బండి మా ఊరి బడికి వచ్చి మశూచి బొమ్మ వేస్తుందంటే చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. దానికి తొమ్మిదేళ్ళు, నాకు పంతొమ్మిది. నాన్న పోయి రెండేళ్ళయింది. ఇంటికి పెద్దను నేనే.

అమ్మ రాలేదు. మా ఇంటి ఆడవాళ్ళు పదిమంది కూడిన చోటికి వెళ్ళరు. తాతగారి నాటి పొలం చాలావరకు పోయింది. వాన పడితే కురవని గదులు రెండే మిగిలాయి. ఆ పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

మిట్టమధ్యాహ్నం బడి కిటికీలకు గొంగళ్ళు కట్టి చీకటి చేశారు. తెరమీద ఒక నులక మంచం, దానిమీద మా ఊరి పిల్లల్లాంటి పిల్లవాడు. మొదట జ్వరం, నడుం నొప్పి. నాలుగోనాటికి జ్వరం దిగి, లేచి కూర్చుని అన్నం అడిగాడు. చూస్తున్న ఆడవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు చూపించారు, నొసటిమీద, నోట్లో, అరచేతుల్లో, అరికాళ్ళలో. పొక్కులు ఒక్కొక్కటే ఉబ్బడం, నీరు పట్టడం, ఆ నీరు చీము కావడం, చివరికి రెప్పలు అతుక్కుపోవడం. పాట లేదు. ఏడ్చే వాళ్ళు లేరు. ఈగల చప్పుడు వినపడింది గాని అది బొమ్మలోదో బడిలోదో తెలియలేదు.

అక్కడికి మొదటి రీలు అయింది. రెండోది ఎక్కించేలోగా గొంగళ్ళు ఎత్తి, టీకాలకు వరస కట్టమన్నారు. ఆ భయంలో ఊరంతా లేచి నిలబడింది.

మా ఇంట్లో టీకా అంటే, వేసే మనిషి మా చావిట్లోకి వచ్చి వెయ్యాలి. నాకు అలాగే వేశారు. చెల్లెలి నాటికి వాళ్ళు ఇళ్ళకు రావడం మానేశారు. నాన్న దాన్ని బయటికి పంపలేదు. ఆనాడు టీకాలు వేస్తున్నవాడు ఒకప్పుడు మా గొడ్లను చూసిన మనిషి కొడుకు. మిషను బడిలో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నాడు.

“పాపను ఇట్టా తీసుకురండి బాబూ,” అన్నాడు.

“ఇంటికొచ్చి వెయ్యి.”

“ఇంటింటికీ తిరిగితే యాడయిద్ది? సాయంత్రానికి గురజాల పోవాలి. ఒక్క నిమిషం పని, వరసలో నిలబెట్టండి.”

వరసలో ఉన్నది మా పొలాల్లో కూలికి వచ్చేవాళ్ళు. ఒక ముసలామె నవ్వింది. “అబ్బాయిగారి చెల్లెలు మన ఎనకాల నిలబడిద్దంటయ్యా? ఆ పిల్లకి ఎండి సూది తేవాలిగాని.”

చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. దారి పొడుగునా అది ఏడ్చింది, టీకా కోసం కాదు.

“ఆ పిల్లోడు ఏమయ్యాడో చూసొద్దాం అన్నయ్యా. ఇంకొక్క రీలేగా.”

నెల తిరక్కుండానే దానికి జ్వరం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో అప్పటికే అమ్మవారు పోస్తోంది. అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. పొయ్యిమీద తాలింపు మానేసింది. ఇంట్లో అమ్మవారు ఉండగా వాసనలు రాకూడదు, ఏడుపు వినపడకూడదు. సంగతి తెలిసి టీకాలాయన సైకిలు మీద వచ్చాడు. అరుగుమీద నాకూ అమ్మకూ వేశాడు. లోపలికి తొంగిచూసి, “పాపకిప్పుడు వేసినా పనిచెయ్యదు బాబూ,” అన్నాడు. అంతే. నన్నొక మాట అన్నా బాగుండేది.

నాలుగోనాడు జ్వరం దిగింది. చెల్లెలు పెరుగన్నం అడిగింది.

“చూశావా, తల్లి కరుణించింది,” అంది అమ్మ, గిన్నె కడుగుతూ.

నాకు తెలుసు. అమ్మకు తెలియదు.

పొక్కులు లేచాక, బొమ్మలోనూ ఇలాగే అయిందని చెల్లెలు అమ్మకు చెప్పింది. అందుకని అమ్మ రోజూ నన్ను అడిగేది. “రేపేమయిద్ది నాయనా? దాంట్లో ఏం చూపిచ్చారు?” నేను కొంత తగ్గించి చెప్పేవాణ్ణి. చెప్పింది చెప్పినట్టు జరిగేది. ఆ బొమ్మ తీసినవాళ్ళు దేంట్లోనూ అబద్ధమాడలేదు, వాసన ఒక్కటి చూపించలేకపోయారంతే. ఎనిమిదోనాటికి చెల్లెలి రెప్పలు అతుక్కున్నాయి. నాకు తెలిసింది అక్కడితో అయిపోయింది.

“అన్నయ్యా, ఆ పిల్లోడు బతికాడా?”

“బతికాడు.”

“నువ్వు చూళ్ళేదుగా.”

“మేస్టారు చెప్పారు.”

“మచ్చలు పడ్డయ్యా?”

“కొంచెం.”

“పడితే పడనీలే,” అంది.

చాలా ఏళ్ళకు నరసరావుపేటలో అసలు సినిమాకు ముందు ఆ బొమ్మే వేశారు. రెండో రీలు మొదలవగానే పిల్లవాడు పోతాడు. మిగిలిందంతా టీకా గురించే.

చెల్లెలు పన్నెండోనాడు పొద్దెక్కాక పోయింది. చుట్టాలెవరూ గడప తొక్కలేదు. మోసినవాళ్ళు నలుగురూ ఆనాడు బడిలో టీకా వేయించుకున్నవాళ్ళే, మా కూలివాళ్ళే. అందరిలా కాల్చకుండా పూడ్చిపెట్టి వచ్చాం. అమ్మ ఏడవలేదు. ఏడవకూడదు.

రెండు రోజులు గడిచాక, వేపమండలు విప్పుతూ అడిగింది.

“ఆ పిల్లోడు బతికాడంటివి గదా. ఆళ్ళమ్మ ఏం చేసింది? నేను చెయ్యంది ఏంది?”

“నేను చూళ్ళేదమ్మా. సగంలో లేచొచ్చాం.”

“ఎందుకు?”

చెప్పాను. వరస సంగతి, వరసలో ఎవరున్నారో, ముసలామె ఏమన్నదో, నేనేమన్నానో, ఏదీ దాచలేదు. అమ్మ ఎండిన మండలు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వింది.

ఆ తరువాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. వేళకు అన్నం పెట్టింది. నాకు ఒళ్ళు వెచ్చబడితే నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. మళ్ళీ ఎన్నడూ ఏ సంగతీ నన్ను అడగలేదు.