మా వ్యాన్ వెనక బెంచీలకు బెల్టులు

1986లో నేను గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రికి వ్యాన్ డ్రైవర్‌ని. పోలియో వచ్చిన పిల్లల్ని ప్రత్తిపాడు వైపు ఊళ్ళ నుంచి ఆపరేషన్‌కి తీసుకురావడం, కాలిపర్లు బిగించాక మళ్ళీ ఇళ్ళకు చేర్చడం నా పని. కాలిపర్ అంటే బూటుకు రెండు పక్కలా ఇనుప కడ్డీలు పెట్టి, తోలు పట్టీలతో కాలికి బిగించే సాధనం. అది ఉంటేనే ఆ పిల్లలు నిలబడగలిగేవారు.

బండికి బ్రేకు పడితే మనం తెలియకుండానే కాళ్ళు నేలకు తన్నిపెట్టి ఆగుతాం. ఆ పిల్లలకు ఆ వీలు లేదు. ఒకసారి గేదె అడ్డం వచ్చి బ్రేకు వేస్తే, వెనక బెంచీ మీది పిల్లవాడు జారిపోయి ముందు సీటు కడ్డీకి కొట్టుకున్నాడు. పెదవి చిట్లింది. వాడు ఏడవలేదు. తాను నిలదొక్కుకోలేకపోయానని నాకే సంజాయిషీ చెప్పాడు. ఆ మాట నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు.

వ్యాన్‌లో ముందు సీట్లకే బెల్టులుండేవి. వాటినీ ఆ రోజుల్లో ఎవరూ పెట్టుకునేవారు కాదు. వెనక బెంచీలకూ పెడదామని పోలియో వార్డు చూసే కరుణమ్మ సిస్టర్‌ని అడిగాను. ఆవిడ ఒక్కటే అడిగారు, బండి గుద్దుకున్నప్పుడు ఆ బెల్టులు నిలుస్తాయా అని. అప్పుడు నాకు పత్తి జిన్నింగు మిల్లులు గుర్తొచ్చాయి. అక్కడ యంత్రాలను తిప్పే కాన్వాస్ బెల్టు అంత తేలిగ్గా తెగేది కాదు. మిల్లులో అడిగి ముక్కలు తెచ్చాను. జట్కా గుర్రాలకు జీనులు కుట్టే మస్తాన్ గారు వాటికి ఇనుప బకిల్స్ పెట్టి కుట్టారు. బెదిరిన గుర్రం లాగినా ఊడని కుట్టు తనదని, పిల్లల కోసమైతే ఇంకో వరస కలుపుతానని అన్నారు. నేను వ్యాన్ అడుగున ఫ్రేముకు రంధ్రాలు వేసి, మందపాటి ఇనుప బిళ్ళలు అడ్డుపెట్టి బోల్టులు బిగించాను. బెల్టు పొట్ట మీద కాకుండా కింద తుంటి ఎముకల మీదుగా ఉండాలని సిస్టర్ ఒక్కో పిల్లనూ కూర్చోబెట్టి చూపించారు.

బెల్టులైతే తయారయ్యాయి గానీ, తల్లులు ఒప్పుకోలేదు. అందరికన్నా గట్టిగా ఎదురు తిరిగింది మరియమ్మ. ప్రత్తిపాడు దగ్గరి పల్లెలో మిర్చి కోతలకు వెళ్ళే మనిషి. ఆమె కూతురు సువార్తకు అయిదేళ్ళు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళడానికి వెళ్ళిన రోజు, పిల్లని ఒళ్ళో పెట్టుకుని నా పక్కన ముందు సీట్లో కూర్చుంటానంది. అక్కడైతే గాలి తగులుతుంది, దారి కనిపిస్తుంది.

"ఏందన్నా ఇది? పిల్లని గొడ్డుని కట్టేసినట్టు కట్టేస్తా ఉన్నారు. నా బిడ్డని నేను పట్టుకోలేనా?"

నేను వాదించలేదు. పక్కింటి గొడ్ల కొట్టం నుంచి పత్తిగింజల మూట ఒకటి తెప్పించాను, కాస్త అటూఇటూగా సువార్త అంత బరువుంటుంది. నాతో వచ్చిన సిస్టర్ పిల్లని ఎత్తుకున్నారు. మరియమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, మూటను ఒళ్ళో ఇచ్చి, ఇదే నీ బిడ్డ అనుకో, వదలకు అన్నాను. ఆమె నవ్వి, రెండు చేతులూ పెనవేసి పట్టుకుంది. మిర్చి బస్తాలు, మా వైపు టిక్కీలంటారు, ఎత్తి బండ్లకు వేసే చేతులవి. వ్యాన్‌ను సైకిల్ పోయేంత నెమ్మదిగానే పోనిచ్చి, ఒక్కసారిగా బ్రేకు తొక్కాను. మూట ఆమె చేతుల్లోంచి జారి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని కింద పడింది. కుట్టు ఊడి గింజలు ఆమె పాదాల మీద ఒలికాయి.

మరియమ్మ నవ్వు పోయింది.

"నువ్వైతే ఆపగలవా అన్నా?"

"నేనూ ఆపలేనమ్మా. ఎవరూ ఆపలేరు."

ఆమె దిగి వెనక్కి వెళ్ళింది. బెంచీకున్న బెల్టును రెండు చేతులా పట్టుకుని, కాలు బెంచీకి తన్నిపెట్టి లాగి చూసింది. అది కదలకపోయేసరికి సువార్తను కూర్చోబెట్టి తనే బకిల్ బిగించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కాలిపర్లు వేసుకుని సువార్త వార్డులో గోడ పట్టుకుని నడవడం నేర్చుకుంది. వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళే నాటికి మిర్చి రోడ్డెక్కింది. టిక్కీలు ఎత్తుగా వేసుకుని ట్రాక్టర్లు వరసగా గుంటూరుకు వస్తున్నాయి. ప్రత్తిపాడు ఇంకా కొంత దూరం ఉందనగా, ఎదురుగా వస్తున్న లారీ తన ముందున్న ట్రాక్టర్‌ను దాటబోయి నా మీదికి వచ్చేసింది. ఎడమకు తిప్పడం తప్ప నాకు దారి లేదు. వ్యాన్ మార్జిన్ దిగి, పంట కాలువ గట్టుకు ముక్కు గుద్దుకుని ఆగింది.

ముందు అద్దం పొడి పొడిగా రాలింది. వెనక ఎవరిదో రేకు పెట్టె లేచి వచ్చి, నా పక్కనున్న ఖాళీ సీటు మీదుగా డ్యాష్‌బోర్డులోకి దిగబడింది. నా బెల్టు ఒరుసుకుని భుజం మండుతోంది. వెనక్కి తిరగాలంటే భయం వేసింది. తిరిగి చూశాను. పిల్లలందరూ బెంచీల మీదే ఉన్నారు. ఒకరిద్దరు ఏడుస్తున్నారు. ఏడుపు వినబడటం అంత హాయిగా నాకు ఇంకెప్పుడూ అనిపించలేదు.

పక్కనే బెల్టు పెట్టుకుని కూర్చున్న మరియమ్మ కూతురి ఒళ్ళంతా తడిమింది. సువార్త తల్లిని పక్కకు నెట్టి తన కాళ్ళ వంక వంగి చూసుకుంది.

"అమ్మా, నా బూట్లు ఇరగలేదు కదా?"

చేలో మిర్చి కోస్తున్న కూలీలు పరుగెత్తుకొచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ దించారు. గీతలు, బెల్టు ఒత్తుకున్న ఎర్ర చారలు తప్ప ఎవరికీ ఏమీ కాలేదని ఆసుపత్రిలో పరీక్ష చేసి చెప్పారు. మర్నాడు మస్తాన్ గారు షెడ్డుకు వచ్చారు. వ్యాన్‌లోకి ఎక్కి ప్రతి బెల్టునూ వేళ్ళతో తడిమి చూసుకున్నారు. ఒక్క పోగు కూడా లేవలేదు. నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయారు.

తర్వాత ఆ పల్లెకు వెళ్ళినప్పుడల్లా తల్లులకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మరియమ్మే వ్యాన్ ఎక్కి, బకిల్స్ లాగి చూసి, బెల్టు పొట్ట మీదికి జరిగితే కిందికి దించి, అప్పుడు పోనివ్వమనేది. కొన్నాళ్ళకు ఆసుపత్రి జీపుకు కూడా బెల్టులు పెట్టమని పెద్దడాక్టరు గారు నాకే చెప్పారు.

నేను రిటైరై చాలా ఏళ్ళయింది. కార్లలో ఇప్పుడు ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. అవి ఉన్నాయి కదా అని చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చునేవాళ్ళను చూస్తే ఆపి మరీ చెబుతాను. ఆ సంచీ బెల్టు పెట్టుకున్న పెద్దవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసింది. రెప్పపాటులో పేలి బయటికొస్తుంది. ఒళ్ళో ఉన్న పసివాడి ముఖానికి అదే దెబ్బ అవుతుంది. పిల్లల చోటు వెనక సీటు. వాళ్ళ వయసుకు, ఒంటికి సరిపడే సీటు, దానికి బెల్టు ఉండాలి. పెద్దవాళ్ళకు ఎయిర్‌బ్యాగ్ ఉన్నా బెల్టు తప్పదు.

నా సర్వీసులో ఒక్క యాక్సిడెంట్ కూడా జరగలేదని నేను చెప్పుకోను. జరిగింది. జరిగిన రోజున నా బండి ఎక్కిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఎక్కినట్టే దిగారు. డ్రైవర్‌గా నేను చెప్పుకునే గొప్ప అదొక్కటే, అది చాలు.