ఉమ్ముకి రాసిన నెగెటివ్

ఆ డబ్బాలో ఉన్నది కఫం కాదని మూత తీయగానే తెలిసింది. నీళ్లలా తేటగా ఉంది, పైన కాస్త నురగ, దానికి తోడు టూత్‌పేస్టు వాసన.

మండపేటలో మా ల్యాబ్‌కి దాన్ని తెచ్చినావిడ రైసుమిల్లులో పనిచేస్తుంది. నెల రోజులుగా దగ్గు. టీబీ అనుమానంతో డాక్టరుగారు పరీక్ష రాశారు. మిల్లు మేస్త్రి మాత్రం అది ఊక దగ్గేనని అప్పటికే తేల్చేశాడు. ఆయన చదివింది బస్తాల మీద మార్కులే అయినా, ఊపిరితిత్తుల విషయంలో డాక్టరుకన్నా ధైర్యం ఎక్కువ.

ఇది ఉమ్మేనని, మళ్లీ అడుగుదామని మా సీనియర్‌తో అన్నాను. ఆయనకి అప్పుడే పెసరట్టు వచ్చింది.

"ఇచ్చిందేదో చూసి రాసెయ్యరా. దగ్గించడం మన డ్యూటీ కాదు."

నేను మహావీరుణ్ణి కదా, నోరు మూసుకుని స్లైడు మీద పూశాను. ఎర్ర రంగు పోసి, ఆవిరొచ్చేదాకా వేడి చేసి, యాసిడ్‌తో కడిగి, నీలం వేశాను. టీబీ క్రిమికి ఎరుపు పట్టిందంటే యాసిడ్ పోసినా వదలదు. మిగతావన్నీ నాలాంటివి. ఒక్క కడుగుకి ఎరుపు వదిలేసి, పోసిన నీలం పట్టుకుంటాయి. కనబడినవన్నీ బుగ్గ లోపలి కణాలే. నెగెటివ్ అని రాసేశాను.

ఆ కాగితం చూసి మేస్త్రి ఆవిణ్ణి మళ్లీ ఊక దగ్గరే పెట్టాడట.

ఐదు వారాలకి మళ్లీ వచ్చింది. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. వెంట కోడలు, కోడలి చంకలో పిల్ల. పిల్ల కూడా దగ్గుతోంది. పోయినసారి కఫం ఎందుకివ్వలేదని అడిగాను.

"కళ్ళె మీ చేతికెలా ఇస్తానండి? అందుకే నోరు తోముకుని, పుక్కిలించి ఇచ్చానండి."

"మరి కళ్ళె?"

"మీ గుమ్మం పక్క కాలవలో ఉమ్మేశానండి."

మా వైపు అండి లేకుండా దగ్గు కూడా రాదు. అంత మర్యాదస్తురాలికి మాకేం కావాలో చెప్పడానికి మాలో ఒక్కడికీ నోరు రాలేదు. పెసరట్టు తినడానికి మాత్రం వచ్చింది. సీనియర్ మీద కోపం వచ్చింది. సంతకం నాది కాబట్టి, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్లి, లోపల్నుంచి దగ్గమన్నాను. ఈసారి మైక్రోస్కోపులో వెతకక్కర్లేకపోయింది. నీలం మధ్య సన్నటి ఎర్ర పుల్లలు, గుంపులు గుంపులుగా ఉన్నాయి.

పాత రిపోర్టు ఊసెత్తొద్దని సీనియర్ అన్నాడు. అప్పటిది అప్పుడు, ఇప్పటిది ఇప్పుడట. కొత్త రిపోర్టు కిందే రాశాను: పోయినసారి చూసింది ఉమ్ము, ఆ ఫలితం చెల్లదు.

మందులున్నాయని, తగ్గిపోతుందని, పిల్లని కూడా డాక్టరుగారికి చూపించాలని ఆవిడకి చెప్పాను.

"మొన్న లేదన్నారు కదండి?"

"మొన్న మేం సరిగ్గా చూడలేదండి. ఉమ్ము చూసి రాసేశాం."

"అడిగితే ఇచ్చేదాన్ని కదండి," అంది.

కోడలు పిల్లని అత్తగారి వైపు నుంచి రెండో చంకలోకి మార్చుకుంది.