దొరసాని పుట్టిల్లు

దయ్యాల గురించి నన్ను అడిగితే చిరాకు పడతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. కరెంటు పోయినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు "సార్, దయ్యాలున్నాయా?" అని మొదలుపెడతారు. "దాని బరువెంతో కనుక్కుని రా, మిగతా లెక్క నేను చేస్తా" అంటాను. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేస్తాను, అది వేరే సంగతి. చచ్చిపోయినవాళ్ళు కనబడ్డారనీ పిలిచారనీ చెప్పేవాళ్ళను మాత్రం రెండో మాట మాట్లాడనివ్వను. మా ఇంట్లో ఎవరూ నా ముందు ఆ కబుర్లు ఎత్తరు.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు.

మాది అల్మాస్‌గూడ. ఇప్పుడంటే అన్నీ కాలనీలే గానీ మా చిన్నప్పుడు అది పల్లెటూరు. ఊరి పొలిమేరలో ఒక తెల్లవాళ్ళ సమాధి ఉండేది. నల్లరాతి పలక, మీద సిలువ, ఇంగ్లీషు అక్షరాలు. ఆ రాతిని మా ఊళ్ళో దొరసాని అనేవాళ్ళు. పిల్లలు లేని ఆడవాళ్ళు, కానుపు దగ్గరపడ్డవాళ్ళు శుక్రవారం పూట వెళ్ళి దానికి పసుపు పూసి, దండం పెట్టుకుని వచ్చేవాళ్ళు. దొరసాని బిడ్డల్నిస్తుందని నమ్మకం.

మేం క్రైస్తవులం. అయినా మా అమ్మ వెళ్ళేది. గిన్నెలో పసుపు తడిపి పట్టుకుని, అక్కను వెంటబెట్టుకుని పోయేది. ఈ విషయంలో పాస్టరుగారితో చాలాసార్లు చీవాట్లు తింది. "నేను మొక్కుతలేనయ్యగారూ. ఎవల బిడ్డనో ఏమో, ఈడ ఆమెకెవరున్నరు?" అనేది. మిగతావాళ్ళు మొక్కినా, అమ్మ మాత్రం ఊరికే రాయి కడిగి, పసుపు పూసి వచ్చేసేది.

నాకు ఇంగ్లీషు చదవడం వచ్చాక ఒకరోజు ఆ రాతిని అందరికీ చదివి వినిపించాను. పేరు షార్లెట్. ఇంగ్లండులో ఫలానా బంగళా దొరగారి కూతురు. కొత్తగా పెళ్ళయి, హైదరాబాదులో సైనిక పల్టన్‌లో పనిచేసే భర్త దగ్గరికి పోతూ దారిలో జ్వరమొచ్చి చనిపోయింది. పెద్ద మహిమగల దొరసాని అనుకున్న మనిషి బిడ్డల్ని కనకుండానే పోయిన చిన్నపిల్ల అని తేలింది. ఇక పసుపు పూయడం మానేస్తారనుకున్నాను. మా ఊరి ఆడవాళ్ళు నా చదువును ఏ మాత్రం పట్టించుకోలేదు.

అక్క పేరు సుగుణ. ఎల్బీనగర్‌లో ఉంటుంది, అంగన్‌వాడీ టీచరు. బావ చిన్న వయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు, కెజియ. సెలవులకు అమ్మమ్మ దగ్గరికి అల్మాస్‌గూడ వచ్చి, ఆ దొరసాని రాయి పక్కనే ఆడుకుని పెరిగింది. నర్సింగు చదివి ఇంగ్లండులో ఉద్యోగానికి వెళ్ళింది. వెళ్ళిన కొన్నాళ్ళకు ఒకరోజు ఫోన్ చేసి ఒకటే కేకలు. "మమ్మీ, మన దొరసాని పుట్టిల్లు దొరికింది! నేనున్న ఊరికి దగ్గర్నే ఉంది. టికెట్టు కొనుక్కుని ఎవరైనా చూడొచ్చంట."

రాతి మీద చదివిన బంగళా పేరు కెజియ మరిచిపోలేదు. నువ్వొక్కదానివే వెళ్ళి చూసిరా అన్నాను. ససేమిరా అంది. "మమ్మీ వచ్చినంక ఇద్దరం కలిసి పోతం మామా" అంది. ఆ ఇంటిని అది చూడనే లేదు.

డ్యూటీలో ఉండగానే కెజియ కుప్పకూలింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. మాకు వీసా రావడానికి టైం పడుతుందన్నారు. శవాన్ని పంపడానికి కూడా ఏవేవో అడ్డంకులు చెప్పారు. చివరికి అక్కడి చర్చివాళ్ళే భూస్థాపన చేస్తామంటే అక్క ఫోన్‌లో సరేనంది. ఆ సరే అన్న గొంతు నాకింకా వినబడుతూనే ఉంటుంది.

ఎల్బీనగర్‌లో అక్క ఇంట్లో మంచినీళ్ళ గ్లాసుకు ఫోన్ ఆనించి పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. అక్కడ పాట పాడారు, ప్రార్థన చేశారు, పెట్టెను కిందికి దించడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు వీడియో ఆగిపోయింది. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి మట్టి పోయడం అయిపోయింది. అక్క ఏడవలేదు. "నా బిడ్డను మట్టిల వెట్టంగ నేను చూడలే" అని మాత్రం అంది. చాలా రోజులపాటు ఎవరు పలకరించినా ఆ ఒక్క మాటే చెప్పేది.

వీసాలు వచ్చాక నేనూ అక్కా వెళ్ళాం. కెజియతో కలిసి ఉన్న అనిత అనే మలయాళీ నర్సు మమ్మల్ని తన ఇంట్లోనే ఉంచుకుంది. అక్క రోజూ పొద్దున్నే స్మశానానికి వెళ్ళి సమాధి పక్కన గడ్డిలో కూర్చునేది. వాన పడితే గొడుగు వేసుకుని కూర్చునేది. పక్క సమాధి మీది పూలమొక్కలకు నీళ్ళు పోయడానికి వచ్చే ఒక తెల్ల ముసలావిడ తప్ప అక్కడ మాకు ఎవరూ కనబడలేదు. అక్క కంట అప్పటికీ ఒక్క చుక్క రాలేదు.

తిరిగి రావలసిన రోజు దగ్గరపడింది. అక్క రానంది. వీసా అయిపోతే పోలీసులొస్తారని చెప్పాను. కోప్పడ్డాను కూడా.

"ఒస్తే రానియ్ తమ్మీ. నేను పోతే నా బిడ్డకు ఈడ ఎవరున్నరు?" అంది.

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో ఆలోచించే ఓపిక అప్పుడు నాకు లేదు. అక్కను ఎట్లా తీసుకుపోవాలన్నదే నా బాధ.

అనితే దారి చూపించింది. కెజియ ఎప్పుడూ చెప్పే ఆ బంగళాకు తన కారులో తీసుకెళ్తానంది. అక్క "నా బిడ్డ తీస్కపోత అన్నది గద. పోదాం" అని లేచింది.

ఇల్లంటే ఇల్లు కాదు. గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా కారులో పోవాలి. పచ్చిక, పచ్చికలో గొర్రెలు, ఆ పైన తేనెరంగు రాతి భవంతి. మా తెలంగాణలో దొరల మేడను గడి అంటాం. అలాంటి గడులు నాలుగు కలిపినా దీనికి సరిపోవు. పాపం, ఇంత ఇంట్లో పుట్టిన పిల్ల మా ఊరి పొలిమేరలో ఎండలో పడుకుని ఉందా అనిపించింది. ఆ కుటుంబం వాళ్ళు ఇప్పుడు అక్కడ లేరు. గదికొకరు చొప్పున రిటైరైన పెద్దవాళ్ళు నిలబడి, వచ్చినవాళ్ళకు కథలు చెబుతున్నారు. ఎవరు కట్టారు, ఏ యుద్ధంలో ఎవరు పోయారు, ఏ అల్లుడు జూదంలో ఏం పోగొట్టాడు అని. నేను తెలుగులో చెబుతుంటే అక్క వింటోందో లేదో తెలియడం లేదు.

మేడ మీద ఒక పడకగది. తాడు కట్టి అవతలికి వెళ్ళకుండా చేశారు. తాడుకు దగ్గర్లోనే కిటికీ పక్కన పాత కుర్చీ, చేతులకు లేతరంగు గుడ్డ తొడిగి ఉంది. అది షార్లెట్ తల్లి గది అని అక్కడున్న ముసలాయన చెప్పాడు. ఒక్కతే ఆడపిల్లట. కూతురు పోయిన కబురు ఓడలో వచ్చేసరికి నెలలు పట్టిందట. ఆ తర్వాత తల్లి ఆ కుర్చీ వదల్లేదట. ఇండియా నుంచి ఎవరొచ్చినా పిలిపించుకుని, నా బిడ్డ సమాధిని ఎవరు చూసుకుంటున్నారు అని అడిగేదట. ఎవరికీ తెలిసేది కాదు.

ఆ తర్వాత ఆయన కొంచెం గొంతు తగ్గించి, పర్యాటకులకు ఇష్టమని కాబోలు, నవ్వుతూ ఇంకో మాట చెప్పాడు. కొన్నేళ్ళు గడిచాక ఆవిడ చేతులకు ఉన్నట్టుండి పసుప్పచ్చ రంగు అంటుకునేదట. కడిగితే పోయేది, మళ్ళీ వచ్చేది. కామెర్లని డాక్టర్లు అన్నారట. పనివాళ్ళు మాత్రం భయపడేవాళ్ళట. రంగు అంటిన రోజుల్లో ఆవిడ హాయిగా నిద్రపోయేదట. ఆవిడ పోయాక కూడా ఆ కుర్చీ చేతుల మీద ఎప్పుడన్నా మరక కనబడిందని పాతవాళ్ళు చెప్పుకున్నారనీ, తాను ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదనీ అన్నాడు.

నేను ఇదంతా యథాలాపంగా తెలుగులో చెప్పాను. కామెర్లే అయ్యుంటాయని నా వ్యాఖ్య కూడా చేర్చాను. అక్క నా ముఖంలోకి చూసింది. తరువాత ఉన్ని గ్లోవ్స్ తీసి నా చేతికిచ్చి, తాడు కింద నుంచి వంగి అవతలికి వెళ్ళి, ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. సమాధి దగ్గర ఎట్లా కూర్చునేదో అట్లాగే. కుర్చీ చేతి మీద తన చెయ్యి వేసింది.

"అమ్మా, నీ బిడ్డను మేం మంచిగనే చూసుకున్నం. మా అమ్మ కడిగేది, నేను పసుపు రాసేదాన్ని. ఒక్కదాన్నే ఇడిశిపెట్టలే. నువ్వు పరేషాన్ గాకు" అంది.

అని, ఏడ్చింది. కెజియ పోయాక అదే మొదటిసారి ఏడవడం. ఇల్లంతా వినబడేలా ఏడ్చింది. ముసలాయన ఆపబోయి, అక్క ముఖం చూసి ఊరుకున్నాడు. అనిత ఆయనకు చెవిలో ఏదో చెప్పింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అక్క లేచి ఇవతలికి వచ్చాక చూశాం. కుర్చీ మీద పెట్టిన చెయ్యి, అరచెయ్యీ వేళ్ళూ, పసుపుతో తడిసి ఉంది. గడపకు రాయడానికి నీళ్ళతో తడుపుతారే, అట్లాంటి పసుపు. నా జేబురుమాలుతో తుడిచాను. వాసన కూడా అదే. ముసలాయన గబగబా కుర్చీ దగ్గరికి వెళ్ళి గుడ్డంతా వెతికాడు. దాని మీద ఎక్కడా చిన్న మరక కూడా లేదు.

నా బుద్ధి నన్ను ఊరుకోనివ్వదు గదా. అనిత వంటింట్లో పసుపు ఉంది, నిజమే. కానీ ఆ రోజు పొద్దున మేం బ్రెడ్ తిని బయల్దేరాం, పొయ్యి వెలిగించలేదు. దారి పొడుగునా అక్క చేతులకు గ్లోవ్స్ ఉన్నాయి. వాటిని తిరగేసి చూశాను, లోపల శుభ్రంగా ఉన్నాయి. అక్క బ్యాగులో బైబిలు, పాస్‌పోర్టు, మాత్రలు తప్ప ఏమీ లేవు. కింద బాత్‌రూములో రుమాలు మూలకు సబ్బు రుద్దాను. ఎర్రగా మారింది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలుతికే వాళ్ళెవర్నడిగినా చెబుతారు.

ఇక్కడికొచ్చాక మా స్టాఫ్‌రూములో కెమిస్ట్రీ చెప్పే ప్రసాద్ గారికి ఆ రుమాలు రెండో మూల కత్తిరించి ఇచ్చాను. గుంటూరాయన. ఎక్కడిదో చెప్పలేదు. ఆయన తనకు తోచిన పరీక్షలేవో చేసి, "పసుపేనండీ మాస్టారూ. ఇందులో అనుమానం ఏముంది? ఎందుకలా అయిపోయారు?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

మర్నాడు అక్క స్మశానంలో ఆ నీళ్ళు పోసే ముసలావిడ దగ్గరికి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. కెజియ సమాధిని చూపించింది, ఆకాశం వైపు విమానంలా చెయ్యి ఊపింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ చాలాసేపు తల ఊపింది. తరువాత అక్క సమాధి మీద చెయ్యి వేసి "నేను పోతున్న బిడ్డా" అంది. నాతో ఇంటికొచ్చేసింది.

ఇక్కడితో అయిపోతే, ఆ బంగళా తల్లికి మా వాళ్ళ సేవ ఏదో విధంగా అందింది అని సరిపెట్టుకునేవాణ్ణి. ఉండబట్టలేక అల్మాస్‌గూడ వెళ్ళాను. కెజియ నర్సింగు చదువుతున్నప్పుడే అమ్మ పోయింది, ఆ తర్వాత మేం అటు వెళ్ళనే లేదు. సమాధి ఉన్న చోట అపార్ట్‌మెంట్ ఉంది. మా ఎరుకలో మిగిలిన ఒక ముసలమ్మను పట్టుకుని అడిగాను.

"గా దొరసాని రాయా? అదెప్పుడో పాయె బిడ్డా. మీ అమ్మ సచ్చిపోయిన ఏడే గీ అపార్ట్‌మెంట్ కట్టంగ జేసీబీతోని తీసేసిన్రు. ఆమె పోయినంక ఇగ పోయెటోళ్ళు గూడ ఎవరున్నరు?"

అంటే కెజియ ఇంగ్లండు పోకముందు నుంచే అక్కడ పసుపు పూసేవాళ్ళు లేరు, పూయడానికి రాయీ లేదు. మరి ఆ రోజు అక్క చేతికి అంటింది ఏ పసుపు? కుర్చీ నుంచి అక్క చేతికి వచ్చిందా, అక్క చేతి నుంచి ఆ తల్లికి పోయిందా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెగలేదు. తెలియదు అని ఒప్పుకోవడం నా వృత్తిలో కష్టమే. అయినా తెలియదు.

సమాధి లేదన్న సంగతి అక్కకు చెప్పలేదు. నెలకోసారి ఆదివారం చర్చి అయ్యాక పసుపు పొట్లం తీసుకుని ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు వెళ్తాను. బండ్ల మధ్య, రాయి ఉండేదనుకున్న చోట స్తంభం మొదట్లో కొంచెం తడిపి రాసి వస్తాను. ఏదో మొక్కుబడి అనుకుని వాచ్‌మన్ ఏమీ అనడు. నా స్టూడెంట్లు చూస్తే నా పరువేం కావాలో నాకే తెలియదు.

అక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటూ మళ్ళీ అంగన్‌వాడీకి పోతోంది. పొద్దున లేవగానే మంచం మీదే కూర్చుని రెండు అరచేతులూ ముఖానికి దగ్గరగా పెట్టుకుంటుంది. ప్రార్థన చేసుకుంటోందని చాలా రోజులు అనుకున్నాను. మొన్న ఒకరోజు అడిగాను, ఏం ప్రార్థనక్కా రోజూ అని.

"ప్రార్థన గాదు తమ్మీ. గాడోళ్ళు నా బిడ్డకు పసుపు వెట్టరు గద, నీళ్ళే వోస్తరు. గడ్డి వాసనేమన్న ఒస్తదేమోనని చూస్తున్న" అంది.

వస్తోందా అని నేను అడగలేదు.