రేడియేటర్‌లో మంచినీళ్ళు

కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి మిషిగన్‌లోని ట్రాయ్‌కి ఉద్యోగం మారినప్పుడు, మంచు గురించి నాకు అంతా తెలుసనే ధీమాతో వచ్చాను. కారు చక్రాలు జారకుండా బ్రేకుల్ని అదుపు చేసే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. మంచు మీద టైరుకి పట్టు ఎంత, గడ్డకట్టిన నీటి మీద ఎంత అన్నవన్నీ నా దగ్గర పట్టికల్లో ఉంటాయి. వాటితో పదేళ్ళుగా కుస్తీ పడుతున్నాను. మంచు పడటం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఈ సంగతి కొత్త ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

చలికాలం మొదట్లో ఒక కొలీగ్ నా కారు చూసి నవ్వాడు. "ఈ టైర్లతో ఇక్కడ డ్రైవ్ చేస్తే కాలవలో తేలతారండీ" అని ఒక లిస్టు రాసిచ్చాడు. వింటర్ టైర్లు, బ్యాటరీ టెస్టు, గడ్డకట్టని వాషర్ లిక్విడ్, డిక్కీలో పార, దుప్పటి, ఇసుక సంచి.

అప్పటికి నాన్న నా దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. రాజమండ్రిలో బస్సు డిపో మెకానిక్‌గా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక ఆరు నెలలు ఉండేలా నేనే పట్టుబట్టి రప్పించాను. సోఫా అంచున, ఇంకాసేపట్లో లేచి వెళ్ళిపోయేవాడిలా కూర్చునేవాడు. మైక్రోవేవ్ నొక్కాలన్నా నన్నే పిలిచేవాడు. "ఇక్కడ నా చేతులకి పనేం లేదమ్మా, టికెట్ ముందుకి మార్చెయ్" అని రోజూ అదే పాట. ఆయన వెళ్ళిపోతే చలికాలమంతా ఆ ఫ్లాటులో నేనొక్కదాన్నే. అది తలుచుకుంటేనే నాకు భయం. ఉండిపొమ్మని అడగటానికి పొగరు అడ్డం వచ్చి, వచ్చే వారం మారుస్తానంటూ రోజులు నెట్టుకొచ్చాను.

లిస్టు చదివి వినిపించగానే నాన్న చెయ్యి చాచాడు. "ఆ కాయితం ఇలా ఇయ్యి."

శనివారం, నేను కొనితెచ్చిన వింటర్ చక్రాలు బిగించడానికి మా పార్కింగ్ లాట్‌లో పాత తువ్వాలు పరిచి కూర్చున్నాడు. ఒక్కో చక్రం విప్పినప్పుడు నట్లన్నీ తువ్వాలు మీద వరసగా పేర్చాడు. ఏ నట్టు ఎక్కడిదో అక్కడికే వెళ్ళాలట. ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించి, చివర స్పానర్‌తో చక్రాన్ని ఒక్కటి కొట్టి, ఆ మోత విని తలూపాడు. టైరు పట్టు మీద నేను వందల పేజీలు చదివాను గానీ టైరు మోత వినొచ్చని నాకు తెలీదు. నోరు వెళ్ళబెట్టి చూస్తూ నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం నాన్న అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నేను ఇంకా నిద్ర లేవకముందే మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఏం చేశావంటే "చిన్న పనిలే" అన్నాడు. మధ్యాహ్నం మంచు మొదలైంది. వాన అయితే వచ్చేముందు గాలి, ఉరుము, మట్టివాసన అంటూ కబురు పంపుతుంది. ఇది ఏమీ చెప్పలేదు. కిటికీలోంచి చూస్తుండగానే కార్లు, చెత్తడబ్బాలు, ఎదురింటి మెట్లు అన్నీ కనపడకుండా పోయాయి. అంత పెద్ద పని అంత నిశ్శబ్దంగా జరగడం నేనెక్కడా చూడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో తెలీదు.

"పైన ఎవరో పిండి జల్లిస్తున్నట్టుందే" అన్నాడు నాన్న. ఇంట్లో హీటర్‌కి తాగేనీళ్ళు చల్లగా ఉండటం లేదని, తన రాగి సీసా నింపి, మూత బిగించి బాల్కనీలో పెట్టాడు.

సాయంత్రం దాన్ని తేవడానికి వెళ్ళినవాడు ఎంతకీ లోపలికి రాలేదు. వెళ్ళి చూస్తే సీసా రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అడుగు బుడిపెలా ఉబ్బింది. అతుకు పొడుగునా చీలి, లోపల తెల్లగా గడ్డ కనిపిస్తోంది.

"నీళ్ళు గడ్డకడితే పెరుగుతాయా అమ్మా?"

"అవును నాన్నా. ఎందుకు?"

నాన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "కారు తాళాలు ఇయ్యి. రేడియేటర్‌లో కూలెంట్ తీసేసి మంచినీళ్ళు పోశాను. కూలెంట్ వేడికి కదా, ఈ చలిలో దాంతో పనేముందనుకున్నాను."

వేడికి మరగకుండా చూసే ఆ ద్రవమే చలికి గడ్డకట్టకుండానూ చూస్తుంది. అది లేకపోతే రాగి సీసాకి పట్టిన గతే ఇంజన్‌కీ పడుతుంది. "నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా" అని విసుక్కున్నాను.

నీరు పల్లమెరుగు అని వినడమే గానీ, అది పోత ఇనుమునీ చీలుస్తుందని ఆయన ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం గోదావరి ఒడ్డున ఎవరికి వచ్చింది గనక.

బానెట్ ఎత్తి, రబ్బరు పైపుని వేళ్ళతో నొక్కాడు. నా చేతి గ్లవ్ లాగేసి నా వేళ్ళూ అక్కడ పెట్టాడు. లోపల పంచదార నలిగినట్టు కరకరలాడింది. "ఇప్పుడే కడుతోంది. ఇంకా గట్టిపడలేదు." మంకీ క్యాప్‌తో మంచులో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. ప్లగ్గు తిప్పగానే నీళ్ళు, ఐసు నలకలు కలిసి బొళబొళా కారాయి. తీసిన కూలెంట్ ఈ దేశంలో ఎక్కడ పారబోయాలో తెలీక పాల డబ్బాల్లో దాచాడట. దాన్నే తిరిగి పోశాం. స్టార్ట్ చేసి, అంతా కలిసేదాకా పక్కపక్కన కూర్చున్నాం. ఇంజన్ ఎక్కడా కారలేదు.

"తెలీని చోట చెయ్యి పెట్టకూడదు. నన్ను పంపించెయ్యమ్మా" అన్నాడు, అద్దంలోంచి ముందుకి చూస్తూ.

పొద్దున్న టికెట్ మార్చడానికి ల్యాప్‌టాప్ తెరిచాను. నాన్న ఇంట్లో లేడు. కాసేపటికి కనుబొమల మీద మంచుతో లోపలికి వచ్చాడు. మళ్ళీ పైపు నొక్కి చూసి వచ్చాడట, మెత్తగానే ఉందట. ఇంక దాచుకోలేకపోయాను. "నాన్నా, ఈ స్నోలో డ్రైవ్ చెయ్యాలంటే నాకు భయం. నేను దీన్ని నిన్నే మొదటిసారి చూశాను. నువ్వు వెళ్ళొద్దు" అన్నాను.

నాన్న స్వెటర్ విప్పకుండానే నా పక్కన కూర్చున్నాడు.

"దీని సంగతి నీకూ తెలీదా" అన్నాడు. "అయితే ఉంటాలే. ఇద్దరం నేర్చుకుందాం."