తోకరెక్కకు కప్పిన కరెంటు దుప్పటి

నెవిల్ ప్రౌస్ తాత పుట్టింది రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఆరేళ్ళకు. ఆ సంగతి ఎవరైనా గుర్తు చేస్తే తప్ప ఆయనకు గుర్తుండదు. ఆ యుద్ధంలో ఎగిరిన మస్కిటో అనే కొయ్య విమానం ఊసెత్తితే చాలు, "మేము బెర్లిన్ మీదికి వెళ్ళినప్పుడు" అనేదాకా పోతాడు. నోయెలీన్ అమ్మమ్మ కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూస్తుంది. "అదే, వాళ్ళు వెళ్ళినప్పుడు" అని దిద్దుకుంటాడు. నిజానికి తాత నలభై ఏళ్ళపాటు రోజూ వెళ్ళింది న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ రేవుకు. అక్కడ పడవలు కట్టేవాడు. ఆయన కట్టిన పడవల్లో ఒక్కటీ మునగలేదని చెబుతాడు. అన్నీ అమ్ముడుపోలేదని అమ్మమ్మ చెబుతుంది.

పదవీ విరమణ చేశాక ఇద్దరూ వైకాటో పల్లెసీమకు మారారు. వాళ్ళ ఇంటికి కాస్త దూరంలో, పాడి ఆవుల పచ్చికల నడుమ, చిన్న విమానాల మైదానం ఒకటి ఉంది. దాని చివర ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో పదకొండేళ్ళుగా కొందరు ముసలివాళ్ళు ఒకే ఒక విమానాన్ని బాగుచేస్తున్నారు. యుద్ధం అయిపోయాక ఒక రైతు ఆ మస్కిటోను చవగ్గా కొని, పనికొచ్చే ఇనుమంతా ఊడదీసుకుని, మిగిలిన కొయ్యలో కోళ్ళను పెట్టాడట. నలభై ఏళ్ళు కోళ్ళు పైలట్ సీట్లో గుడ్లు పెట్టాయి. కోళ్ళు వదిలింది వాన తిన్నది. అందుకే, ఇప్పుడున్న విమానంలో పాత చెక్క ఎంత అని ఆ షెడ్డులో ఎవరినీ అడగకూడదు. అడిగితే టీ ఇవ్వరు.

ఆ విమానానికి ప్రాణమంతా జిగురులో ఉంది. మేకులతో నిలిచే బండి కాదది. పలుచటి బర్చ్ పలకలు, స్ప్రూస్ దూలాలు, పక్కటెముకల్లాంటి చెక్కలు, వీటన్నిటినీ జిగురే పట్టుకుని ఉండాలి. అంటుకున్న చెక్క లోపల జిగురు పట్టిందో లేదో చూడటానికి కన్ను చాలదు. అందుకని వాళ్ళకొక ఆచారం ఉంది. జిగురు కలిపిన ప్రతిసారీ, అదే జిగురుతో రెండు చిన్న చెక్క ముక్కల్ని కూడా అంటించి, పని పక్కనే పెడతారు. మర్నాడు ఆ ముక్కను వైసు అనే ఇనప పట్టులో బిగించి సుత్తితో కొడతారు. చెక్క చీలితే జిగురు మంచిది. అతుకు దగ్గర విడిపోతే, ఆ జిగురు తాకిన ప్రతిదీ విప్పి మళ్ళీ చెయ్యాలి. జిగురుకు చలి పడదు కాబట్టి, రాత్రంతా పని మీద కరెంటు దుప్పటి కప్పి ఉంచుతారు. పరీక్ష ముక్క కూడా ఆ దుప్పటి కిందే పడుకోవాలి. "ముక్క పనిని వదిలి వెళ్ళరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది నెవిల్ తాతే.

ఆ కాగితం కిందే ఇంకొకటి వేలాడుతోంది. అది క్లైవ్ ముక్క. క్లైవ్ ఒకప్పుడు బడిలో వడ్రంగం నేర్పిన మాస్టారు. ఆరేళ్ళ కిందట ఆయన అంటించిన ముక్క ఒకటి అతుకు దగ్గర నీటుగా రెండుగా ఊడింది. నెవిల్ తాత దాన్ని మేకు కొట్టి కెటిల్ పైన గోడకు తగిలించి, కింద క్లైవ్ పేరు, తేదీ రాశాడు. ఆరేళ్ళుగా క్లైవ్ ఎప్పుడు టీ కాచుకున్నా ఆ ముక్కే ఎదురుగా కనిపిస్తుంది.

"బడిపిల్లలు చేసిన బల్లలు ఇంకా నిలబడి ఉన్నాయా క్లైవ్?" అని తాత వారానికొకసారైనా అడుగుతాడు.

"నువ్వు వాటి మీద కూర్చోనంత కాలం నిలబడతాయి" అంటాడు క్లైవ్. కానీ అనేటప్పుడు గోడవైపు చూడడు.

జులై నెలలో, అంటే అక్కడ నడిచలికాలంలో, తోకరెక్క వంతు వచ్చింది. దాని పక్కటెముకల్ని దూలానికి అంటించే పని నెవిల్ తాత మరెవరికీ ఇవ్వలేదు. షెడ్డులోని దుప్పటి ఒక్కటే చాలదని, ఇంట్లో అమ్మమ్మ పరుపు మీది దుప్పటి కూడా లాక్కొచ్చాడు. ఆవిడ రెండు జతల మేజోళ్ళు వేసుకుని పడుకోవడానికి ఒప్పుకుంది. రెండు దుప్పట్లనూ ఒకే తీగకు కలిపి, షెడ్డు మూలనున్న ఒక్కగానొక్క ప్లగ్గు పెట్టేచోట పెట్టారు.

మధ్యాహ్నం మూడింటికి టీ వేళ అయింది. తాత పనంతా ముగించి, తన చేతిపనికి తనే మురిసిపోతూ, కెటిల్ పెట్టాడు. టీ తాగాడు. జున్ను వేసి కాల్చిన రొట్టెలు మూడు తిన్నాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక పరీక్ష ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. ఎంత అందమైన అతుకు! అమ్మమ్మకు చూపించకపోతే ఎలా? గోడ మీద తాను రాసిన కాగితానికి వీపు పెట్టి, ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ రాత్రి అది గదిని వెచ్చబెట్టే పొయ్యి పైన అరలో, పెళ్ళిఫోటో పక్కన, హాయిగా కాగుతూ పడుకుంది.

మర్నాడు పచ్చికలన్నీ మంచుతో తెల్లబడ్డాయి. తాత అందరికంటే ముందు షెడ్డుకు వెళ్ళి, అలవాటు ప్రకారం కెటిల్‌లో నీళ్ళు పోసి, ప్లగ్గు కోసం చేయి చాపాడు. కెటిల్ ప్లగ్గు పెట్టే ఉంది. నిన్న మూడింటి నుంచీ పెట్టే ఉంది. దుప్పట్ల ప్లగ్గు నేల మీద పడి ఉంది.

దుప్పటి ఎత్తి చెక్కను తాకాడు. రాయిలా చల్లగా ఉంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, మునగని పడవల మనిషి, గబగబా దుప్పట్ల ప్లగ్గు పెట్టేసి, ఏమీ ఎరగనట్టు కప్పులు కడగడం మొదలుపెట్టాడు. కెటిల్ మాత్రం మరగలేదు.

కాసేపటికి హోహేపా వచ్చాడు, వెనకే క్లైవ్. హోహేపా లైసెన్సున్న ఇంజనీరు. ఈ విమానం మీద ప్రతి పనికీ సంతకం పెట్టేది ఆయనే. సంతకం పెట్టినవాడే, విమానం మొదటిసారి ఎగిరేటప్పుడు, పైలట్ పక్క సీట్లో కూర్చోవాలన్నది ఆ షెడ్డు నియమం. ఆ నియమం కూడా నెవిల్ తాత పెట్టిందే.

"ఏం కోరో, ఈ రోజు టీ లేదా?" అన్నాడు హోహేపా. ఆయనకు తాతవయసువాళ్ళందరూ కోరోలే, అంటే మావోరీలో తాతలే.

"ముందు పని" అన్నాడు తాత. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు.

హోహేపా దుప్పటి కింద చెయ్యి పెట్టాడు. "బాగా వెచ్చగా ఉంది. ముక్క ఏదీ?"

తాత దుప్పటి కింద వెతికినట్టు నటించి, చేతిచాటున జేబులోంచి తీశాడు. వైసులో బిగించారు. హోహేపా సుత్తితో కొట్టాడు. చెక్క పొడుగునా చీలింది. అతుకు మాత్రం కదలలేదు.

"ఇంత మంచి అతుకు నేను ఈ ఏడాది చూడలేదు" అని హోహేపా పుస్తకంలో రాసుకున్నాడు. "రేపు పై పలక మూసేద్దాం. సంతకం కూడా రేపే."

క్లైవ్ ఆ ముక్కను తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "బాగా చేశావు నెవ్" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే తాతకు ఎక్కువ గుచ్చుకుంది. క్లైవ్ వెటకారం చేసి ఉంటే మూడు మాటలు తిరిగి అని, మంచి నిద్ర పోయేవాడు.

సాయంత్రం ఇంట్లో అమ్మమ్మ మొదట గొర్రెమాంసం పెట్టింది, తర్వాత ప్రశ్న పెట్టింది.

"నా దుప్పటి రాత్రంతా వెచ్చగా ఉందా?"

తాత బంగాళాదుంపను నాలుగు ముక్కలు చేశాడు. వాటిని ఎనిమిది చేశాడు.

"నెవిల్."

"కెటిల్ కోసం ప్లగ్గు తీశాను. మళ్ళీ పెట్టలేదు."

"అంటే నేను నాలుగు మేజోళ్ళు తొడుక్కుని వణికింది చల్లటి చెక్క కోసమా?"

"ముక్క బాగానే చీలింది" అన్నాడు తాత.

"ముక్క మన పొయ్యి మీద పడుకుంది. ముక్కనెక్కి ఎవరు ఎగురుతారు? హోహేపా కూర్చునేది మన పెళ్ళిఫోటో పక్కనా?"

"చెబితే క్లైవ్ నన్ను బతకనివ్వడు. ఆరేళ్ళు నోలీ. ఆరేళ్ళు నేను వాణ్ణి..."

"ఆరేళ్ళు వాణ్ణి ఏం చేశావో ఊరందరికీ తెలుసు. బంగాళాదుంప తిను. దాన్నేం పొడుస్తావు?"

మర్నాడు ఉదయం పై పలక సిద్ధంగా ఉంది. క్లైవ్ జిగురు కలపడానికి డబ్బా మూత తీశాడు. హోహేపా కలం తీశాడు. తాత గొంతు సవరించుకున్నాడు. ఆయన మనసులో ఒక మంచి ప్రసంగం ఉంది. అందులో చలి గురించి, వైకాటో వాతావరణం గురించి, కరెంటు తీగల నాణ్యత గురించి చాలా ఉంది. కానీ నోట్లోంచి వచ్చింది ఇంతే.

"మూయొద్దు. ముక్కను నేను ఇంటికి తీసుకెళ్ళాను. దుప్పట్ల ప్లగ్గు నేనే పీకాను. టీ కోసం."

క్లైవ్ జిగురు డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు.

హోహేపా కలం మూత పెట్టాడు. ఉలి, కొయ్య సుత్తి తీసుకుని తోకరెక్క దగ్గరికి వెళ్ళి, మొదటి పక్కటెముక మీద మెల్లగా తట్టాడు. అది బిస్కెట్టులా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. రెండోది కూడా. మూడోది తట్టకముందే కదిలింది.

"కోరో" అన్నాడు హోహేపా, ఊడిన చెక్కను చూస్తూ, "ఈ విమానం సీట్లో నేను కూర్చోవాలి కదా."

"తెలుసు."

"నిన్న కూడా తెలుసు."

"నిన్న కూడా తెలుసు" అన్నాడు తాత.

హోహేపా పుస్తకంలో నిన్నటి పంక్తిని అడ్డంగా కొట్టేశాడు. మిగిలిన పక్కటెముకలన్నీ విప్పి, పాత జిగురు గీకి, మళ్ళీ అంటించడానికి అయిదు వారాలు పడుతుందని లెక్కవేశాడు. గీకే పని ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఇప్పుడందరూ క్లైవ్ వైపు చూశారు. ఆరేళ్ళ తర్వాత వచ్చిన అవకాశం. క్లైవ్ మేకూ సుత్తీ తీసుకుని కెటిల్ దగ్గరికి వెళ్ళాడు. కానీ తగిలించడానికి ఏముంది? నెవిల్ ముక్క మచ్చలేని ముక్క. లోకంలో ఏ వడ్రంగికి చూపించినా మెచ్చుకుంటాడు. క్లైవ్ కాసేపు ఆలోచించి, తన కారులోంచి ఒక పాత కరెంటు ప్లగ్గు తెచ్చాడు. దాన్ని తన ముక్క పక్కనే గోడకు కొట్టి, కింద నెవిల్ పేరు, తేదీ రాశాడు. దస్తూరి బడిమాస్టారి దస్తూరి, చాలా అందంగా ఉంది.

"పేరులో అక్షరం తప్పు రాశావు" అన్నాడు తాత.

"తప్పేమీ లేదు. నువ్వు గీకు" అన్నాడు క్లైవ్.

అయిదు వారాలు కాదు, ఏడు వారాలు పట్టింది. తాత గీకుతూ గీకుతూ ఒక్కరోజు కూడా బెర్లిన్ మాట ఎత్తలేదు. ఆ ఏడు వారాలూ అమ్మమ్మ దుప్పటి షెడ్డులోనే ఉంది. మేజోళ్ళు మాత్రం ఈసారి తాత వేసుకున్నాడు, ఎందుకంటే ఆవిడ పరుపు మీద ఆయన వైపున్న మామూలు దుప్పటి కూడా లాక్కుంది. కొత్త పరీక్ష ముక్క తోకరెక్క పక్కనే పడుకుంది. మూడింటికి టీ తాగాలంటే ఎవరైనా సరే క్లైవ్‌ను అడగాలి. ఆయన వచ్చి, దుప్పట్ల ప్లగ్గునూ గోడ మీది ప్లగ్గునూ చూసి, తాతను చూసి, తన ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కు మూత తీస్తాడు.

"నాకు పంచదార రెండు చెంచాలు" అంటాడు తాత.

"గీకడం అయిందా?" అంటాడు క్లైవ్, ఒక చెంచాడు వేస్తూ.