నాన్నను అడిగిన మనిషి

డెబ్బైల మొదట్లో ఒకసారి, తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే పాసింజరులో ఒకావిడ మా ఎదుట కూర్చుంది. నేను కిటికీలోంచి పొలాల్లో వరసగా పాతిన ప్లాట్ల రాళ్ళు చూపించి, “మేమూ బజారు దగ్గరి ఇరుకిల్లు అమ్మేసి, ఊరి బయట ఇలాగే విశాలంగా కట్టుకుందామనుకుంటున్నామండీ,” అన్నాను.

ఆవిడ నా పక్కనున్న నాన్నవైపు తిరిగింది. ఆయనకు చూపు పోయి చాలా ఏళ్ళయింది.

“బాబాయిగారూ, పొద్దున్నే ఎక్కడికెళ్తారండీ?”

“కాఫీ హోటలుకమ్మా. గోడ పట్టుకుని నేనే వెళ్తా. దార్లో అందరూ పలకరిస్తారు.”

“మరి ఆ కొత్తింటికెళ్ళాక?”

“ఎక్కడికెళ్తానమ్మా? అరుగు మీద కూర్చుంటా.”

ఆ మాట ఇంట్లో మేమెవ్వరమూ ఆయన్ని అడగలేదు. ఆవిడ నారింజపండు ఒలిచి ఆయన చేతిలో పెట్టి, బాపట్లలో దిగి జనంలో కలిసిపోయింది. పేరైనా తెలియదు.

మేం ఊరి బయటికి మారలేదు. పాత ఇంటిమీదే మేడ వేసుకున్నాం. నాన్న బతికినన్నాళ్ళూ పొద్దున్నే ఒక్కరే కాఫీకి వెళ్ళొచ్చి, వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో నాకు చెప్పేవారు. ఆ కబుర్లు వింటూ ఆవిడకు మనసులోనే దణ్ణం పెట్టుకునేవాణ్ణి.