మూడు కిలోలు తీసేస్తే

మా సైటులో క్రేను నడిపే అమ్మాయిని అందరం పిట్ట అని పిలిచేవాళ్ళం. మనిషి అంత సన్నగా ఉండేది. వాకీటాకీలో నోరు విప్పిందంటే మాత్రం సైటు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేది. పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట నిన్ను చూసే పుట్టిందే అని నేను వెక్కిరించేదాన్ని. నా పని కింద. ఇనుప కడ్డీల కట్టలకు గొలుసులు బిగించి, లేపమని చెప్పడం. ఆమె పని పైన, అద్దాల గదిలో. ఎనిమిదేళ్ళు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూడకుండానే పొద్దున్నించి సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. కొన్ని కాపురాల్లో మొగుడూ పెళ్ళాలు కూడా అన్ని మాటలు మాట్లాడుకోరు.

పాప పుట్టాక వచ్చింది చిక్కు. మాది పాత క్రేను. నిచ్చెన ఇరుకు, మధ్య మధ్య ఆగి నిలబడే ఒక్కో మెట్టుగట్టు దగ్గరా మనిషి దూరడానికి చిన్న కంత. అందుకని అరవై ఎనిమిది కిలోలు దాటినవాళ్ళని పైకి పంపకూడదని కంపెనీ నియమం. యాభై ఎనిమిది ఉండే పిట్ట ప్రసవమయ్యాక డెబ్బై అయిదు దాటింది. సెలవు ఏడు నెలలు. ఆలోగా తగ్గకపోతే క్రేను మరొకరిది, పిట్టకి స్టోరు గదిలో బోల్టులు, చేతి తొడుగులు పంచే కుర్చీ. జీతం తేడా ఏమీ లేదు. ఆమె బాధ జీతం గురించి కాదు.

రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకి నాకు ఫోన్ చేసేది. పాప నిద్రపోయే టైము అది. మాట్లాడటానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

"ఫోను పెట్టెయ్యకక్కా. కాసేపు ఆ చప్పుడు విననీ" అనేది.

నేను తింటూ ఫోను పక్కన పెట్టేదాన్ని. కాంక్రీటు మిక్సర్ తిరిగే మోత, ఎవరో ఎవరినో తిట్టడం, పైన క్రేను చెయ్యి తిరిగేటప్పుడు వచ్చే మూలుగు. అవన్నీ వినేది. ఒకరోజు, "ఎవరక్కా ఇప్పుడు పైన? అంత విసురుగా ఆపుతున్నాడేంటి, నా క్రేను నడుం విరగ్గొట్టేలా ఉన్నాడు" అంది. చప్పుడు విని పట్టేసింది. వాళ్ళ మేడ మీదకి వెళ్తే క్రేను చెయ్యి కనిపిస్తుందట. పాప గుడ్డలు ఆరేసే నెపంతో రోజుకి నాలుగుసార్లు వెళ్ళేది.

తగ్గాలన్న పట్టుదలకేం తక్కువ లేదు. వాళ్ళ ఇంటికి అయిదంతస్తుల మెట్లు. రోజూ పొద్దున పదిసార్లు ఎక్కి దిగేది. అత్తగారు కింది మెట్టు మీద పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుని, ఒక్కో చుట్టుకి ఒక చిక్కుడు గింజ గిన్నెలో వేసేది. భర్త లారీ డ్రైవరు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కాబట్టి ఈ యజ్ఞమంతా అత్తాకోడళ్ళదే.

మొదట్లో పిట్ట రోజుకి ఏడుసార్లు బరువు చూసుకునేది. నీళ్ళు తాగితే ఒకసారి, తాగకపోతే ఒకసారి. చూసి చూసి అత్తగారు ఆ మిషన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఆదివారం పొద్దున తీస్తా. మిగతా రోజులు దాని ఊసెత్తావంటే ఊరుకోను" అంది. ఇంట్లో అదే చట్టమైంది. కానీ ఆదివారం మిషన్ బయటికొచ్చేసరికి పాప లేచి ఉండేది. దించితే చాలు, ఇల్లెగిరిపోయేలా ఏడుపు. చంకలో పిల్లతోనే పిట్ట మిషన్ ఎక్కేది. ఎత్తుకున్న మనిషికి కింద ముల్లు కనపడదు. అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని చూసి, పిల్ల బరువు తీసేసి, గోడ మీది క్యాలెండర్లో రాసేది.

మొదటి ఆదివారం డెబ్బై ఆరు. ఆ తర్వాత నెలల తరబడి ఒకటి తగ్గడం, మళ్ళీ అరకిలో ఎక్కడం. నాలుగో నెలకి పిట్ట గొంతు మారిపోయింది. "నిన్న పది కాదక్కా, పన్నెండు చుట్లు తిరిగా. అయినా కదల్లేదు" అనేది. చొక్కాలు వదులయ్యాయి కదా అంటే, ఉతికి ఉతికి సాగాయిలే అని కొట్టిపారేసేది. క్యాలెండరు చెప్పిందే వేదం. ఒక మధ్యాహ్నం గిన్నెలో మిగిలిన అన్నమంతా నిలబడే తినేసి, నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నాకు కోపం వచ్చి తిట్టాను. తిట్టాక రాత్రంతా నాకే నిద్ర పట్టలేదు.

ఆఖరి ఆదివారం డెబ్బై రెండు. ఆరు నెలలకి నాలుగు కిలోలు.

"స్టోరుకే వెళ్తానక్కా" అంది ఫోన్లో. "మెట్లు ఆపేశా. అత్తయ్యకి గింజలు డబ్బాలో పోసెయ్యమని చెప్పా."

"స్టోరుకి వెళ్ళాలన్నా డాక్టరు కాగితం కావాలి. రేపు రా" అన్నాను. నా మాట ఎంత కటువుగా ఉన్నా, మనసులో మాత్రం ఆ గొంతు ఇక పైనుంచి వినపడదేమోనన్న బెంగ.

సోమవారం నేనూ తోడు వెళ్ళాను. కంపెనీ డాక్టరమ్మ గదిలో పిట్ట చెప్పులు విప్పి మిషన్ ఎక్కింది. పాప ఇంట్లో అత్తగారి దగ్గరుంది.

"అరవై ఏడు" అంది డాక్టరమ్మ.

"మీ మిషన్ తప్పు చూపిస్తోందండీ. నిన్న ఇంట్లో డెబ్బై రెండు."

"ఎవరు చూశారు?"

"మా అత్తయ్య. పాపని ఎత్తుకుంటాను, తర్వాత దాని బరువు తీసేస్తారు."

"ఎంత తీశారు?"

"మూడు కిలోలు" అంది పిట్ట.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "పాపకి ఎన్నో నెల?"

"ఏడో నెల" అంటూనే పిట్ట నాలుక కరుచుకుంది. పాప పుట్టిన రోజు అత్తగారు మూడు కిలోల పిల్ల అని వీధంతా చెప్పుకుంది. ఆ ఇంట్లో పాప అప్పటినుంచీ మూడు కిలోలే. బోర్లా పడింది, పాకింది, రెండు పళ్ళొచ్చాయి, అయినా మూడు కిలోలే. పిట్ట దిగిన కిలోల్లో సగానికి పైగా పాప ఎక్కించుకుంటూ వచ్చింది.

నేను నవ్వాపుకోలేకపోయాను. పిట్ట నవ్వలేదు. కాగితం చేతికొచ్చాక కూడా రెండుసార్లు చదువుకుంది.

ఆ మధ్యాహ్నమే పైకెక్కింది. కంతల్లోంచి ఒక్కో మెట్టుగట్టూ దాటుతుంటే కింద నేను లెక్కపెట్టాను. వాకీటాకీ గరగరమంది. ఏడు నెలలుగా నేను ఎదురుచూసిన గొంతు అది. "అక్కా" అంది, మునుపటి కూత లేకుండా.

"చేరావా?" అన్నాను.

"చేరా." సీటు సర్దుకుంటున్న చప్పుడు వినపడింది. "అక్కా, ఇక్కణ్ణించి మా మేడ కనిపిస్తోంది. తీగ మీద దాని గుడ్డలు."

"అటు చూడకు. నా గొలుసు చూడు."

"చూస్తున్నా. చేతులే ఎలాగో ఉన్నాయి. ఖాళీగా."

నేనూ ఇద్దరు పిల్లల తల్లినే. గొలుసు మరోసారి లాగి చూసి, "లేపు" అన్నాను. కట్ట ఎంత మెత్తగా లేచిందంటే, గొలుసు చప్పుడైనా కాలేదు.

సాయంత్రం ఆమెతో పాటు వాళ్ళింటికి వెళ్ళాను, అత్తగారిని నాలుగు మాటలతో కడిగేద్దామని. కోడలు నేల మీద ఉంటేనే ఆవిడకి ఇష్టమేమో, కావాలనే తప్పు రాసిందేమో అని నాకు అనుమానం. సంగతి వినగానే మారిన ఆవిడ ముఖం చూసి నా అనుమానం పోయింది.

"నా మతి మండిపోనూ" అని క్యాలెండరు ముందు కూలబడింది. "ఇన్నాళ్ళూ నిన్ను ఏడిపించింది నేనేనటే అమ్మాయ్."

పిట్ట పాపని లాక్కుని మెడలో ముఖం దాచుకుంది. తర్వాత తాళంచెవి అడిగి, బీరువా తెరిచి, మిషన్ తీసి నేల మీద పెట్టింది. పాపతోనే ఎక్కింది.

అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది. "డెబ్బై అయిదు. ఇప్పుడెంత తియ్యాలి? ఎనిమిదా?"

"ఏమీ తియ్యకండి అత్తయ్యా" అంది పిట్ట. "పొద్దున్నించీ దీన్ని తీసేసే ఉన్నా."

ఆవిడ కోడలి వైపు ఒకసారి చూసి, పెన్సిలు తడి చేసుకుని, డెబ్బై అయిదు అని రాసింది.